ముప్ఫై ఏడో బ్లాకు

మిట్టరేవు.
పెన్నకు దక్షిణపు గట్టున
బస్సు వెనక్కి తిరిగే చోటు.
మిట్టను ఇటుకబట్టీలు తినేశాయి,
రేవును వంతెన మింగింది.
ఎవరికీ పనికిరాని పేరొకటి
ఊరికి మిగిలింది.

నా చేతిలో జనాభా లెక్కల కాగితాలు,
మెడలో బడి గుర్తింపు కార్డు.
'ఉత్తరం: నది' అని పటంలో ఉంది.
నాకు కనబడేది ఇసుక.
ఇసుకలో లారీ చక్రాల గాడి,
గాడిలో కాసిని నీళ్ళు,
ఆ నీళ్ళలో ఒంటికాలి మీద ఓ కొంగ,
ఇంతేలే అని సర్దుకుపోయినట్టు.

గోడల మీద సుద్దతో అంకెలేసుకుంటూ పోయాను.
నాలుగో నంబరుకు తలుపుంది, మనుషుల్లేరు.
తొమ్మిదో నంబరులో మనుషులున్నారు, తలుపు లేదు.
"తలుపేమైందమ్మా?"
"పోయినేడు ఏటికి పొయ్యిందయ్యా"
చేటలో బియ్యం మీంచి చూపు తీయకుండానే
చెప్పింది మస్తానమ్మ.

విభక్తి తగిలితే చాలు
ఏడూ ఏరూ రెండూ 'ఏటి' అయిపోతాయని
ఆరో తరగతికి ఏడాదికోసారి చెబుతాను.
పిల్లలు రాసుకుంటారు, మరిచిపోతారు.
ఈ ఊరు మరిచిపోలేదు.

"ఏ ఏట పుట్టావమ్మా?"
"సత్రం అరుగు మునిగిన ఏట."
"మీ పెద్దాడు?"
"గడ్డివామి మీద కోడీ పామూ
పక్కపక్కనే కూచోని కొట్టుకొచ్చిన ఏట."
"చిన్నాడు?"
"వాడు కరువులో పుట్టినాడు. వాడికి ఏరు లేదు."

సత్రానికి ఇప్పుడు కప్పు లేదు.
తారుతో గీసిన మూడు గీతలకోసం
ఒక గోడను నిలబెట్టుకున్నారు.
కింది రెండూ కరణం గీయించినవట,
పైది సైకిలు షాపు దస్తగిరి నిచ్చెనేసుకుని గీశాడు.
పిల్లలు ఎత్తు కొలుచుకునేది అక్కడే.
ఎవరూ చూడకుండా నేనూ ఆనుకుని నిలబడ్డాను.
పై గీత నాకన్నా జానెడెత్తు.

దస్తగిరి తాత పుట్టి వేసేవాడు,
మనిషికి అణా, మేకకు అర్ధణా,
పెళ్ళికూతురికి ఊరికే.
వంతెన మీద మొదటి బస్సు పోయిన రోజు
ఆ పుట్టిని బోర్లించి కోళ్ళగూడు చేశారు.
అందులో కోళ్ళెన్నని అడిగే గడి
నా కాగితంలో లేదు.

పొద్దువాటారేసరికి
ఇళ్ళు నూట పద్నాలుగు,
తలలు నాలుగు వందల ముప్ఫై రెండు.
మిగిలింది ఏటి నడుమ లంక మీద
మానికల వెంగయ్య గుడిసె.

ఇసుక దాటి వెళితే
అవతలి గట్టు కాగితాలతో హజరత్తమ్మ టీచరు
నాకన్నా ముందే అక్కడుంది,
చెప్పుల్లో ఇసుక దులుపుకుంటూ.
"ఈయన మావాడు" అంది. "మావాడు" అన్నాను.
వెంగయ్య వల అల్లడం ఆపలేదు.
"పాయ ఇటు పారితే వాళ్ళ వోణ్ణి,
అటు పారితే మీ వోణ్ణి.
పోయినసారి ఇద్దురూ రాసుకున్న్యారు,
అంతకు ముందుసారి ఎవురూ రాయలా.
లెక్క సరిపొయ్యిందిలే అబ్బయా."

పటం పరిచి చూశాం.
సరిహద్దు గీత గుడిసె మీదుగానే పోతోంది,
పొయ్యి మా వైపు, పడక వాళ్ళ వైపు.
పడక ఎక్కడో లెక్క అక్కడేనంది ఆమె,
శిక్షణలో మాకు చెప్పిందీ అదే.
నేను కలం మూశాను.

దప్పికన్నాక
వెంగయ్య మూరెడు లోతు చెలమ తవ్వాడు.
మొదట బురద, తర్వాత తేట.
కాసేపు ముగ్గురం మాట్లాడలేదు,
నీళ్ళు ఊరడం చూస్తూ.
ఇద్దరికీ ఒకే చెంబు.

చివరి బస్సులో, లైటు కింద,
గడులు సరిచూసుకుంటూ కూర్చున్నాను.
తొమ్మిదో నంబరు, మస్తానమ్మ, వయసు.
ఆ గడిలో పెన్సిలుతో రాసుకున్నది
'సత్రం అరుగు' అని.
ఇంటికి వెళ్ళి, ఎవరినైనా అడిగి,
ఆ ఏరును ఏడు చేయాలి.